ఓడ వంటవాడి ఇల్లాలు

మైదాపిండి వెన్నలో వేగేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఘాటుగా ఉండదు, తియ్యగానూ ఉండదు. బేకరీ వెనక సందులోంచి నడిచి వెళ్తుంటే ముక్కుకు తగిలే వెచ్చదనంలా ఉంటుంది. మొన్న ఆదివారం మా కింది అంతస్తులో కొత్తగా దిగిన జంట వంటింట్లోంచి ఆ వాసన పైకి వచ్చింది. నేను బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. దాని వెనకే పాలు కాగిన వాసన, ఆ వెనక మిరియాల వాసన. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన వచ్చి, ఏమిటలా అయిపోయావని అడిగారు. మన అప్పలరాజు బావ చేసే వంటే కింద ఎవరో చేస్తున్నారన్నాను. ఆయన కాసేపు గాలి పీల్చి, నా పక్కనే కూర్చుని తనూ కాయలు అందుకున్నారు.

అప్పలరాజు బావ ఓడలో వంటవాడు. కానీ నేను చెప్పబోయేది అతని గురించి కాదు, అతని భార్య పైడమ్మ గురించి. నన్ను కని పెంచింది మా అమ్మే అయినా, పెళ్ళయ్యాక మనిషిని చేసింది ఆవిడ. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చూసినా, వన్ టౌన్ సందుల్లో నెత్తిన తట్టతో చేపలమ్ముకునే ఆడవాళ్ళలో ఒకరనుకుని దాటిపోయి ఉంటారు. నల్లగా, పొడుగ్గా ఉండేది. నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి, పెదవులు తర్వాత కలిసేవి. గొంతు మాత్రం అలల మీద పడవవాళ్ళకు వినిపించాల్సిన గొంతు. ఆవిడ నా చెవిలో చెప్పిన రహస్యం వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినపడేది.

అవి డెబ్బైల నాటి రోజులు. మా ఆయనకు పోర్టులో గుమాస్తా ఉద్యోగం. నేను తణుకు దగ్గర పల్లెటూరి పిల్లను, సముద్రాన్ని కేలండర్లో తప్ప చూడనిదాన్ని. వన్ టౌన్లో ఒక పాత పెంకుటింటిని మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. పెరడు ఒకటే, నుయ్యి ఒకటే. రైలు దిగి, రిక్షాలో ట్రంకుపెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆ వాకిట్లో దిగేసరికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మా ఆయన తలుపు తాళంతో కుస్తీ పడుతుండగా పక్క వాటాలోంచి ఆవిడ వచ్చింది. ఎడమ చేతిలో సత్తుపళ్ళెం. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. వేడన్నంలో చేపల పులుసు కలిపి, ముద్ద చేసి, నా నోటి దగ్గర పెట్టింది.

మా ఇళ్ళల్లో కొత్త కోడలు అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తింటుంది. వీధి వాకిట్లో, చెప్పులైనా విప్పకుండా, ముక్కూ మొహం తెలియని మనిషి చేతి ముద్ద తిన్నానని తెలిస్తే మా నాయనమ్మ తలంటు పోయించేది. అయినా ఆకలి ముందు మర్యాద ఎంతసేపు నిలుస్తుంది? నోరు తెరిచాను. ఉప్పూ కారం పులుపూ ఒక్కసారిగా తగిలి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆవిడ తృప్తిగా చెయ్యి విదిలించింది.

"అంతే. ఇప్పుడు దారి నిన్ను ఒగ్గీసింది. ఇంక లోనికెల్లు."

ఒగ్గడమంటే వదలడమని తర్వాత తెలిసింది. ఆవిడ పుట్టిల్లు జాలరిపేట. అక్కడ వాళ్ళ ఇంటి పెద్దల నమ్మకం ఒకటుంది. వేటకెళ్ళి వచ్చిన మగవాడికి ఇంటి ఆడది తన చేత్తో ఉడుకు ముద్ద పెట్టాలి. అది గొంతు దిగితేనే గంగమ్మ, అంటే సముద్రం, అతన్ని వదిలినట్టు. పెట్టకపోతే మనిషి ఒడ్డున ఉన్నా గంగమ్మ పట్టు విడవదు, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ లాక్కుంటుంది. ఆవిడ ఆ నమ్మకాన్ని సముద్రం దగ్గర ఆపలేదు. రైలెక్కి వచ్చినవాళ్ళకీ, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళకీ, ఆఖరికి సింహాచలం కొండెక్కి దిగినవాళ్ళకీ ఆ చేతి ముద్ద పడాల్సిందే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ దగ్గర వద్దన్నా తప్పేది కాదు. నేను అక్కా అని పిలవబోతే, తమవాళ్ళు అప్ప అంటారని దిద్దింది. అప్పటి నుంచి నాకు అప్పే.

అప్ప నాకు చాలా నేర్పింది. మొప్ప ఎత్తి చేప తాజాదో కాదో చూడడం, బేరంలో మొదటి మాట అవతలివాడి చేత అనిపించడం, నూతి దగ్గర తగువొస్తే చేద వదలకుండా మాట్లాడడం. వీటన్నిటికంటే ముందు, ఆకలేసినప్పుడు తినడం నేర్పింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను కడుపు కట్టుకుని కూర్చునేదాన్ని. అప్ప వచ్చి గుమ్మంలో నిలబడి, ఆకలి నీ కడుపులో ఉందా, నీ మొగుడి కడుపులో ఉందా అని అడిగేది. అన్నం వడ్డించుకునేదాకా ఆవిడ కదిలేది కాదు.

ఊరందరికీ పెట్టే అలాంటి చేతికి దేవుడు ఒక చిత్రమైన మొగుణ్ణి ఇచ్చాడు. బావదీ జాలరి కుటుంబమే, చిన్నప్పుడు తండ్రితో తెప్ప ఎక్కినవాడే. సరుకుల ఓడలో గిన్నెలు తోమే పనికి చేరి, మెల్లగా వంటవాడయ్యాడు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. సెలవు దొరికితే బొంబాయిలోనో కలకత్తాలోనో ఓడ దిగి రైల్లో వచ్చి, నెలో రెండు నెలలో ఉండి పోయేవాడు. ఇంట్లో ఉన్నన్ని రోజులూ అప్ప పొయ్యి ముట్టుకోకూడదు. అది అతని శాసనం. ఏడాదంతా తట్ట మోసిన మనిషి, పొగ మింగిన మనిషి, తను ఉన్నన్నాళ్ళూ దొరసానిలా కూర్చోవాలనేవాడు. అతను వస్తున్న కబురు తెలిస్తే అప్ప పొద్దున్నే పులుసు కాచి పెట్టుకునేది. గుమ్మంలోనే ముద్ద కలిపి ఎదురెళ్ళేది. అతను దార్లో తిన్నాననేసి, సంచి తగిలించుకుని అట్నుంచి అటే పూర్ణా మార్కెట్టుకు పోయేవాడు. గంగమ్మ మాట ఎత్తితే నవ్వేవాడు. ఓడ ఇనుముతో చేసింది, దానికి ఇంజనుంది, మధ్యలో గంగమ్మకేం పని అని అడిగేవాడు.

అతని వంట నేను మొదటిసారి చూసింది ఆ మొదటి ఏడాదే. మార్కెట్టు నుంచి కోడి, క్యారెట్లు, బీన్సు, పచ్చిబఠాణీలు, వెన్న, మైదా తెచ్చాడు. కోడికూర వండుతాడనుకుంటే, మిరియాలూ ఉల్లిపాయా వేసి నీళ్ళలో ఉడకబెట్టాడు. ఎముకల నుంచి మాంసం ఊడదీసి కత్తితో సన్నగా కొట్టాడు. బాణలిలో వెన్న కరిగించి, మైదా వేయించి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాడు. అది బాగా దగ్గర పడ్డాక మాంసం అందులో కలిపి, పళ్ళెంలో పరిచి, ఆ పళ్ళేన్ని చన్నీళ్ళ మీద పెట్టి చల్లార్చాడు. తర్వాత బొటనవేలంత లావున కడ్డీల్లా చుట్టి, గుడ్డుసొనలో ముంచి, ఎండబెట్టిన బ్రెడ్డు పొడిలో దొర్లించి నూనెలో వేశాడు. ఇంకో గిన్నెలో మళ్ళీ అదే వెన్నా మైదా పాలూ, ఈసారి పలచగా, అందులో ఉడికించిన కూరముక్కలు. కారం లేదు, పసుపు లేదు, కరివేపాకు లేదు, తాలింపు లేదు. జ్వరం తగ్గినవాళ్ళకు పెట్టే పత్యమేమో అనుకున్నాను. చికెన్ క్రోకెట్లు అన్నాడు బావ, సభలో అధ్యక్షుణ్ణి పరిచయం చేస్తున్నట్టు.

వాళ్ళింట్లో ఒకే ఒక్క కుర్చీ. దాని ముందు స్టూలు వేసి, స్టూలు మీద ఉతికిన గుడ్డ పరిచి, పింగాణీ పళ్ళెం పెట్టాడు. అప్ప తల దువ్వుకుని మంచి చీర కట్టుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. చేపల తట్ట మోసే మనిషి, నూతి దగ్గర వీధంతటినీ గడగడలాడించే మనిషి, ఫొటో తీయించుకుంటున్న దానిలా బిగుసుకుపోయి కూర్చుంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని పక్కన నిలబడి ఆవిడ నోటి వైపే చూశాడు. ఆవిడ కొరికి, నమిలి, తలూపింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టాడేమో, అప్పుడు వదిలాడు. మమ్మల్నీ చాప మీద కూర్చోబెట్టి వడ్డించాడు. పైన కరకర, లోపల మెత్తన, పక్కన పాలలో ఉడికిన కూరముక్కల కమ్మదనం. పత్యం అనుకున్నది నాలుక మీద అంత బాగుంటుందని నేననుకోలేదు. కానీ నన్ను కట్టిపడేసింది ఆ రుచి కాదు. మా నాన్న మంచినీళ్ళ గ్లాసైనా తనంతట తాను తీసుకోగా చూడలేదు నేను. ఒక మగవాడు వేడివేడిగా వడ్డిస్తుంటే కూర్చుని తినడం నాకు అదే మొదలు.

మర్నాడు నూతి దగ్గర అప్పతో ఆ మాటే అన్నాను, నువ్వెంత అదృష్టవంతురాలివి అని. ఆవిడ చేద లాగుతూనే జవాబు చెప్పింది.

"అదురుట్టమే సెల్లీ, నాను కాదన్నానేటి? ఊరందరికీ ముద్ద ఎడతన్నాను. నా ఇంటోడికి ఎట్టనేకపోతన్నాను. ఆడు ఎల్లినప్పుడల్లా గంగమ్మే సెయ్యట్టుకుని లాక్కెల్లినట్టుంటాది."

అతనికి గట్టిగా చెప్పవచ్చు కదా అన్నాను. చెప్పిందట. నవ్వాడట. ఏడ్చిందట. ఏడిస్తే ఇంకో నాలుగు క్రోకెట్లు ఎక్కువ వేయించి పెట్టాడట. ఇది చెబుతూ ఆవిడే నవ్వేసింది. ఆ వంట నచ్చుతుందా అని అడిగితే చుట్టూ చూసి, తన లెక్కలో గొంతు తగ్గించి, పులుపు లేని కూర కూరేమిటని అంది. తింటున్నది మాత్రం ఆ కూర కోసం కాదనీ, పక్కన నిలబడి చూసే ఆ మొహం కోసమనీ అంది. పాపం, ఆ మొహం ఆ సమయానికి పెరటి గుమ్మంలోనే ఉందో లేదో నాకు తెలియదు.

కొన్నాళ్ళకు నేను బావనూ అడిగాను. అప్పటికి నాకు అతనితో చనువు ఏర్పడింది. మా ఆయనా అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. ఒక్క ముద్ద తింటే నీ సొమ్మేం పోయింది బావా, అన్నాను. అతను నవ్వలేదు.

"ఓడలో ఏటుంటాది సెల్లెమ్మా? కిటికీలోంచి పల్లేలెల్తాయి, కాళీ పల్లేలొస్తాయి. తిన్నోడి మొకం కనపడదు. నా సేతి వంట తిన్న మొకం సూడాలంటే ఇక్కడికే రావాల."

ఆ తర్వాత నేను ఎవరి పక్షాన ఉండాలో తెలియకుండా పోయింది. ఇద్దరికీ పెట్టాలనే ఉంది. తీసుకునే చెయ్యే ఆ ఇంట్లో లేదు. మొగుడూ పెళ్ళాల తగువులు ఎన్నో చూశాను గానీ, నేను పెడతానంటే నేను పెడతానని ఇన్నేళ్ళు నలిగిన తగువు ఇదొక్కటే. అతను ఓడెక్కి వెళ్ళిపోయాక అప్ప చాలా రోజులు ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఒకసారి ఉప్పు అడగడానికి వెళ్తే, మైదా డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. మైదాకి వాసనేముంటుంది? నన్ను చూసి, పురుగు పట్టిందేమోనని చూస్తున్నానంది. నేనూ అవునన్నాను.

ఒక ఏడు అతని ఓడ మన రేవుకే వచ్చింది. ఆ కబురు మా ఆయనే ఆఫీసు నుంచి మోసుకొచ్చారు. అప్ప ఇక ఈసారి వదలదలచుకోలేదు. ఇంటికొస్తే కదా దార్లో తిన్నాననేది, పోర్టు గేటు దాటీ దాటకముందే పట్టుకుని ముద్ద పెట్టేస్తానంది. పొద్దున్నే వంజరం పులుసు, వేడన్నం కేరేజీలో సర్దుకుని నన్ను వెంటేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర కాపలావాడు లోపలికి వీల్లేదన్నాడు. మాకూ లోపలికి పని లేదు, బయటికొచ్చేవాడితోనే పనని అప్ప వాడితో తగువేసుకుంది. ఎండలో నిలబడ్డాం. లారీలు వచ్చాయి, కూలీలు వచ్చారు, టోపీల ఆఫీసర్లు వచ్చారు. పులుసు చల్లారిపోతుందని కేరేజీకి కొంగు చుట్టి పొట్టకు ఆనించుకుంది. బావ మాత్రం రాలేదు.

అరికాళ్ళు కాలి, దాహంతో నాలుకలు పిడచకట్టుకుపోయి మేం ఇంటి సందు మొదట్లోకి వచ్చేసరికి, వెన్నలో మైదా వేగిన వాసన ఎదురొచ్చింది. అప్ప టక్కున ఆగిపోయింది. బావ ఎవరిదో జీపులో ఇంకో గేటు నుంచి బయటపడి, ఎప్పుడో ఇంటికొచ్చేశాడు. తన ఇంటికి తాళం ఉంటే, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆయనను అడిగి నా వంటింట్లో దూరాడు. నా కిరసనాయిలు స్టవ్వు, నా బాణలి. మా వసారాలోనే కుర్చీ వేసి, స్టూలు మీద గుడ్డ పరిచి, చెమటలు కక్కుతూ మొహమంతా నవ్వుతో నిలబడి ఉన్నాడు. ఎక్కడికెళ్ళిపోయావు, చల్లారిపోతున్నాయని అప్పను కేకలేశాడు. అప్ప అతని మొహం చూసింది. కొంగు చుట్టిన కేరేజీ చూసుకుంది. దాన్ని నా చేతిలో పెట్టేసి, కాళ్ళు కడుక్కుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆ పూట ఎన్నడూ లేనంతగా తింది, తలూపింది, నవ్వింది. సాయంత్రం ఆ పులుసు నేనూ మా ఆయనా తిన్నాం. అంత రుచిగల పులుసు మళ్ళీ తినలేదు. కేరేజీ మాత్రం తోమి, అప్ప కంటపడకుండా ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చాను.

ఇలా రావడాలూ పోవడాలతోనే ఏళ్ళు గడిచాయి. ఎనభైలు వచ్చాయి. మా ఆయనకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, మేం గాజువాక వైపు మారడానికి ఇల్లు చూసుకుంటున్నాం. ఆ రోజుల్లోనే బావను తీసుకొచ్చారు. తీసుకొచ్చారనే అనాలి. ఓడ వంటగదిలోనే కుప్పకూలిపోయాడట. ఏదో ఊళ్ళో ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, రైల్లో పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పడిపోయింది. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చేసరికి అప్ప ఎప్పటిలాగే పళ్ళెంతో నిలబడి ఉంది. ఏడవలేదు. ముద్ద కలిపి అతని నోటి దగ్గర పెట్టింది. దార్లో తిన్నానని చెప్పడానికి ఈసారి అతనికి మాట లేదు. పెదవులు బిగించి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకున్న మొహం ఇటు తిరగలేదు. మింగడానికి అడ్డేమీ లేదని డాక్టరు చెప్పాడు. కావాలనే తినడం లేదు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నాలుగు గుక్కల గంజి తాగేవాడు, సగం చొక్కా మీదే పడేది. ఎవరైనా ముద్ద తెస్తే పెదవులు బిగిసిపోయేవి. అప్ప పెట్టింది, నేను పెట్టాను, మా ఆయన బావా బావా అని బతిమాలారు. ఎవరి వల్లా కాలేదు. జన్మంతా ఇంకొకరికి పెట్టిన మనిషి, ఇంకొకరి చేతి కింద నోరు తెరవడం అతనికి చావుతో సమానం. నాకు జాలితో పాటు ఒళ్ళు మండిపోయేది కూడా. మనిషి రోజురోజుకీ మంచానికి అంటుకుపోతున్నాడు, పక్కన కూర్చున్న అప్ప కూడా చిక్కిపోతోంది. ఆవిడ ఒట్టి మంచినీళ్ళ మీద ఉంటోందని నాకు తెలుసు. ఆకలి ఎవరి కడుపులో ఉందని అడిగే మనిషే అలా కూర్చుంటే అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక ఉదయం మా వాటాలోకి వచ్చి, అతని కూర తనే వండుతానంది. వినడానికి సులువే. ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని తిన్నదే గానీ వండగా ఒక్కసారి చూడలేదు. చూడనిచ్చాడా, కుర్చీ దిగనిచ్చాడా? ఆవిడకు తెలిసిందంతా నాలుకతో తెలిసిందే. నేను చూసింది కాస్త, మర్చిపోయింది బోలెడు. ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. కోడిమాంసం ఉడికించి సన్నగా కొట్టడం అయింది. పాలలో మైదా ఉండలు కట్టింది, వేళ్ళతో చిదిపాం. కడ్డీలు చుడితే కొన్ని నూనెలో పగిలిపోయాయి, కొన్ని మాడాయి, నాలుగు మాత్రం కాస్త చూడగలిగేలా తేలాయి. కూరముక్కల పాలు పొయ్యి మీద బాగానే ఉడుకుతున్నాయి. అప్ప అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. ఏదో తక్కువైందంది. ఉప్పు వేసింది. మళ్ళీ నాకింది. ఇంకా ఏదో తక్కువే. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఉండగానే, చెయ్యి దాని అలవాటుకొద్దీ గూట్లో చింతపండు నానేసిన గిన్నె మీదికి పోయింది. అప్పా అని నేను అరిచేలోగా చింతపండు పిండేసింది.

పాలు విరిగిపోయాయి. తెల్లటి కూర గోధుమరంగు నీళ్ళయి, పైన తెల్లటి ముద్దలు తేలాయి, మధ్యలో క్యారెట్లు బఠాణీలు బిక్కుబిక్కుమంటున్నాయి. ఇంట్లో ఇంక పాలు లేవు. చేపల పులుసు కాచి కాచి అరిగిన చెయ్యి తప్ప పాలలో చింతపండు పిండే చెయ్యి లోకంలో ఇంకొకటి ఉండదు. అప్ప గిన్నె వైపు చూస్తూ నిలబడింది. చివరికి అదే పళ్ళెంలో పోసి, నాలుగు క్రోకెట్లూ పక్కన పెట్టి తీసుకెళ్ళింది. బావను లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుం దగ్గర దిండు దోపాం. పళ్ళెం స్టూలు మీద పెట్టింది.

బావ పళ్ళేన్ని చూశాడు. ఒక వంటవాడు ఇంకో వంటవాడి పనిని చూసినట్టు చూశాడు. ఎడమ చేతి వేలు ఆ నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పెదవులు ఒక పక్కకు లాగుకుపోయాయి.

"సిం...త...పండు," అన్నాడు.

వచ్చిన దగ్గర నుంచి అతని నోట మేం విన్న మొదటి మాట అది. తర్వాత ఒళ్ళంతా ఊగిపోసాగింది. మళ్ళీ ఏదో వచ్చిందనుకుని నేను భుజాలు పట్టుకున్నాను. కాదు, నవ్వు. సగం మొహంతో నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎడమ చేత్తో క్రోకెట్టు ముక్క విరిచి, ఆ విరిగిన పాలలో అద్ది, పైకెత్తాడు. తన నోటికి కాదు. అప్ప నోటికి. పులుసు చుక్కలు చుక్కలుగా అప్ప చీర మీద పడుతోంది. ముందు నువ్వు తిను అంది అప్ప. అతను చెయ్యి దించలేదు. ఆవిడ వంగి ఆ ముక్క అందుకుంది, నమిలింది, తలూపింది. అప్పుడు అప్ప ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

బావ నోరు తెరిచాడు.

ఒక పక్కనే నమిలాడు. చాలాసేపు నమిలాడు. గొంతు కదిలింది. ఎలా ఉందని అప్ప అడిగింది. బాగా లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్ళీ నోరు తెరిచాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అలా పెడుతూనే ఉంది. అయ్యాక కొంగుతో అతని మూతి తుడిచి నా వైపు తిరిగింది.

"ఒగ్గీసింది సెల్లీ. గంగమ్మ నా ఇంటోడిని ఒగ్గీసింది."

ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సగం మనిషిని తన దగ్గర ఉంచుకుని, సగం మనిషిని పంపింది సముద్రం. అప్పకి ఆ సగమే చాలు. నాకు చాలలేదు. ఇప్పటికీ చాలదు.

బావ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. రోజూ అప్ప చేతి పులుసు తిన్నాడు. అప్పుడప్పుడు క్రోకెట్లు. సైగలతో, అరమాటలతో నేర్పితే అప్ప పాలు విరగకుండా చెయ్యడం నేర్చుకుంది. ఒక్కోసారి బాగా కుదిరిన కూర ముందు పెడితే, చింతపండు వెయ్యలేదేమని కళ్ళతో అడిగి ఆటపట్టించేవాడట. ఇది అప్ప చెప్పగా విన్నదే, అప్పటికి మేం మారిపోయాం. అతను పోయాక అప్ప జాలరిపేటలో తమ్ముడి పంచన చేరింది. నేను బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఇసుకలో నడిచి గుమ్మం చేరేసరికి పళ్ళెం సిద్ధంగా ఉండేది. మా అమ్మ పోయినప్పుడు కర్మకాండలన్నీ అయ్యేదాకా రాని ఏడుపు, తణుకు నుంచి తిన్నగా అక్కడికి వెళ్ళి అప్ప చేతి ముద్ద మింగాక వచ్చింది. ఏడవనిచ్చింది. ఇంకో ముద్ద పెట్టింది.

అప్ప పోయిన కబురు మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ చెప్పింది. వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. తమ్ముడు ఇల్లు కడిగించి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇసుక మీద తెప్పలు ఆరేసి ఉన్నాయి. ఎవరూ ఏమీ పెట్టలేదు, అది పెట్టే ఇల్లు కాదు ఆ పూట. అలాగే బస్సెక్కి వచ్చేశాను. తలారా స్నానం చేసి, మా ఆయనకు వడ్డించి, నేనూ తిన్నాను, నా చేత్తో నేనే.

ఈనాటికీ మా ఇంటికి ఎవరు ఎక్కణ్ణించి వచ్చినా గుమ్మంలోనే ముద్ద పెడతాను. మా కోడలు మొదట్లో బెదిరింది, ఇప్పుడు చెప్పులు విప్పుతూనే నోరు తెరుస్తుంది. మనవరాలు కాలేజీ నుంచి వచ్చినా పెట్టమంటుంది, పక్క వీధిలోదైనా ప్రయాణం ప్రయాణమే అంటుంది. నాకు పెట్టమని మాత్రం నేనెవర్నీ అడగలేదు. అడిగితే పెడతారు, అందరికంటే ముందు మా ఆయనే పెడతారు. కానీ అడిగి పెట్టించుకున్న ముద్దకు ఆ శక్తి ఉండదని నా నమ్మకం. ఎక్కడెక్కడికో వెళ్ళాను, వచ్చాను. అన్ని దార్లూ ఏదో ఒకనాటికి నన్ను వదిలాయి. ఆ రోజు జాలరిపేట నుంచి ఒట్టి నోటితో వచ్చిన దారి మాత్రం నన్నింకా ఒగ్గలేదు.